చెమ్మ మీద అలంకారం వద్దు

దివ్య ఖుర్‌ఆన్‌లోని సూరయె కహఫ్‌లో ఒక గోడ ప్రస్తావన వస్తుంది. హజ్రత్ మూసా (అలైహిస్సలామ్), ఆయన వెంట నడిచిన దైవదాసుడు ఒక పట్టణానికి చేరుకుంటారు. ఆకలిగొన్న ఆ బాటసారులకు ఆతిథ్యమివ్వడానికి పట్టణవాసులు నిరాకరిస్తారు. కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న ఒక గోడ అక్కడ వారికి కనబడుతుంది. ఆ దైవదాసుడు దానిని సరిచేసి నిలబెడతాడు. ఈ పనికి కూలి తీసుకోవచ్చు కదా అని హజ్రత్ మూసా అంటారు. ఆ గోడ ఇద్దరు అనాథ బాలురదనీ, దాని కింద వారికి చెందిన నిధి ఉన్నదనీ, వారి తండ్రి సజ్జనుడనీ, ఆ బాలురు పెద్దవారై తమ నిధిని తీసుకోవాలన్నది ప్రభువు సంకల్పమనీ తరువాత తెలుస్తుంది.

జుమా నాడు ఈ సూరా పఠించే అలవాటు మన కుటుంబాలలో చాలామందికి ఉన్నది. గోడ మరమ్మతు వంటి మామూలు పని కూడా దైవగ్రంథంలో చోటు సంపాదించుకున్నదన్న సంగతిని మాత్రం మనం అంతగా గమనించము. గోడ వెనుక ఒక కుటుంబం ఉంటుంది. పిల్లల ఆరోగ్యం, పెద్దల కష్టార్జితం, రేపటి వారసత్వం ఆ గోడ చాటున ఉంటాయి. కనుక ఇంటి వెలుపలి గోడలకు వేసే అలంకార పూతను గురించి, ముఖ్యంగా చిన్నచిన్న భాగాలకూ మరమ్మతులకూ వాడుతున్న మొజాయిక్ పూతను గురించి ఈ నెల వివరించదలచాము. ఇది పైకి సుతారి పని. లోపల చూస్తే ధర్మానికీ డబ్బుకూ సంబంధించిన పని కూడా.

మూడు ఊళ్ళు, మూడు రకాల మరకలు

2016 అక్టోబరు 11న ఏర్పడిన కొత్త జిల్లాలలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. జిల్లా కేంద్రాలైన తరువాత ఈ మూడు పట్టణాలలోనూ ఇళ్ళ నిర్మాణం పెరిగింది. పెంకుటిళ్ళ పక్కన రెండంతస్తుల డాబాలు లేచాయి. వీధివైపు గోడ అందంగా కనబడాలన్న కోరిక కూడా పెరిగింది.

అయితే ఈ ఊళ్ళలో గోడ అడుగుభాగం పడే బాధ ఒక్కటి కాదు. జనగామ హైదరాబాదు–వరంగల్ రహదారి మీది పట్టణం. రోడ్డు దుమ్ము గోడల మీద పేరుకుంటుంది. మానుకోటగా మనం పిలుచుకునే మహబూబాబాద్ చుట్టూ ఎర్ర చల్క నేలలున్నాయి. వాన పడినప్పుడు నేల మీది నుంచి చిమ్మిన ఎర్రనీరు అడుగు, అడుగున్నర ఎత్తువరకు గోడకు అంటుకుంటుంది. ఎంత కడిగినా ఆ జాడ పోదు. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల పట్టణం. అక్కడ తెల్లరంగు వేసిన గోడ తెల్లగా నిలవడం కష్టం.

వీటికి తోడు వరదలు వచ్చాయి. 2023 జులై 27న భూపాలపల్లి సమీపంలోని మోరంచపల్లిని మోరంచ వాగు ముంచెత్తింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదటి తేదీ నాటికి కురిసిన భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం, ఇంటికన్నెల మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. నీరు తగ్గిన తరువాత ఇళ్ళ గోడల మీద మిగిలేది బురద గీత. దానిని త్వరగా కప్పివేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అసలు ప్రమాదం ఆ తొందరలోనే ఉన్నది.

మొజాయిక్ పూత అంటే ఏమిటి?

మొజాయిక్ అనగానే మనకు పాత ఇళ్ళలోని నేల గచ్చు గుర్తుకు వస్తుంది. సిమెంటులో పాలరాతి చిప్స్ కలిపి, పరిచి, సానపట్టి నునుపు చేసిన నేల అది. గోడకు వేసే మొజాయిక్ పూత దానికి దగ్గరి బంధువే గాని అదే కాదు. ఇందులో ఆవగింజంత రాతి రేణువులను, అంటే ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల పాలరాతి లేదా క్వార్ట్జ్ గింజలను, యాక్రిలిక్ జిగురుతో కలిపి డబ్బాలలో అమ్ముతారు. పూసేటప్పుడు అది పాలలా తెల్లగా కనబడుతుంది. ఆరిన తరువాత జిగురు పారదర్శకమై రాళ్ళ రంగులు బయటపడతాయి. రెండు మూడు రంగుల గింజలు కలిసి ఉండటం వలన చిన్న మరకలు కంటికి ఆనవు. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము పోతుంది. చేతుల రాపిడికీ, సైకిలు హ్యాండిలు తాకిడికీ మామూలు రంగు కన్నా బాగా తట్టుకుంటుంది.

ఈ గుణాల వలన దీనికి తగిన చోట్లు ఏవో స్పష్టమే. నేలకు ఆనుకొని ఉండే రెండడుగుల పట్టీ, గడపకు ఇరువైపులా ఉండే గోడభాగం, వరండా స్తంభాలు, మెట్ల పక్క గోడ, గేటు దిమ్మెలు, కిటికీ చుట్టూ ఉండే అంచు ఇటువంటి చోట్లు. నీరు నిలిచే అడ్డ తలాలకు, అంటే పిట్టగోడ పైభాగానికీ సజ్జ పైభాగానికీ ఇది పనికిరాదు. నీరు నిలిస్తే జిగురు మెత్తబడి తెల్లబారుతుంది.

ఇల్లంతా దీనితోనే పూయించడమూ తెలివైన పని కాదు. లెక్క చూడండి. చదరపు మీటరుకు సుమారు 4 నుంచి 5 కిలోల మిశ్రమం పడుతుంది. 30 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు గల అడుగు పట్టీ 60 చదరపు అడుగులు, అంటే దాదాపు ఐదున్నర చదరపు మీటర్లు. దానికి 22 నుంచి 28 కిలోలు చాలు. అదే 1000 చదరపు అడుగుల గోడ మొత్తం పూయాలంటే 370 నుంచి 465 కిలోలు కావాలి. మొదటిది మధ్యతరగతి ఇంటికి అందుబాటులో ఉండే మరమ్మతు. రెండవది చాలా ఇళ్ళలో ఆడంబరం.

ఇంతకన్నా తక్కువ ఖర్చులో మన సుతారులకు తెలిసిన పాత పద్ధతి ఒకటున్నది. దానినే గ్రిట్ వాష్ అంటారు. ముందు సిమెంటు, ఇసుకలతో ఒక వరుస పూసి, దానిమీద ఒక పాలు సిమెంటు, అరపాలు ఇసుక, రెండు పాళ్ళు రాతి చిప్స్ కలిపిన పూత వేస్తారు. అది కొంత గట్టిపడ్డాక బ్రష్షుతో, నీటితో పైపై సిమెంటును కడిగివేస్తే చిప్స్ బయటపడతాయి. ప్రభుత్వ భవనాల మీద, పాత బస్టాండ్ల మీద గరుకుగా కనబడే గోడలు ఇవే. ఈ పూతను గళ్ళు గళ్ళుగా, మధ్యలో గాడులు వదిలి వేస్తారు. ఆ గాడులు అందానికి మాత్రమే కాదు. సిమెంటు ముడుచుకొనేటప్పుడు పగుళ్ళు అడ్డదిడ్డంగా పోకుండా ఆపుతాయి. మరమ్మతు వచ్చినప్పుడు ఒక గడిని మాత్రమే తీసి వేసుకొనే వీలు కల్పిస్తాయి.

ముందు చెమ్మ సంగతి తేల్చండి

అడుగుభాగంలో రంగు పొక్కులు లేస్తున్నదంటే, పూత ఊడిపోతున్నదంటే, తెల్లని ఉప్పుపొడి పొంగుతున్నదంటే ఆ గోడ మనకు ఏదో చెబుతున్నది. దాని నోరు మూయడం పరిష్కారం కాదు. కారణం ఎక్కడున్నదో వెతకాలి.

మన ఊళ్ళలో తరచు కనబడే కారణాలు నాలుగైదు. మొదటిది సిమెంటు రోడ్డు. పాతదాని మీద కొత్తది వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పల్లంలో పడుతుంది. పునాది మీద చెమ్మను ఆపడానికి వేసిన పట్టీ, మేస్త్రులు డీపీసీ అని పిలిచేది, మట్టి కిందికి పోతుంది. ఇక నేలలోని తడి నేరుగా ఇటుకలలోకి ఎక్కుతుంది. రెండవది గోడకు ఆనుకొని పారే మోరీ. మూడవది ట్యాంకు పొంగు గొట్టం. నాలుగవది గోడ వెంబడి అంట్లు తోముకొనే చోటు, బట్టలుతికే బండ. మస్జిద్ విషయానికి వస్తే వుజూ కుళాయిల వెనుక గోడ. ఐదవది పిట్టగోడ పగుళ్ళలోంచి దిగే వాననీరు.

చెమ్మ ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఉన్నది. రెండడుగుల ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులనూ టేపుతో గట్టిగా అంటించండి. రెండు రోజులు ఉంచండి. గోడవైపున నీటి బొట్లు కనబడితే ఆ తడి గోడలోనిదే. మరొక పరీక్ష చెవితో చేసేది. సుత్తి పిడితో గోడను మెల్లగా తట్టుతూ పోవాలి. డొల్లగా మోగిన చోట పాత పూత ఇటుకను వదిలేసిందని అర్థం. దానిని పూర్తిగా చెక్కివేయకుండా దాని మీద ఏది పూసినా ఆ పాత పూతతోబాటు ఊడి కింద పడుతుంది.

వరద నీరు తాకిన గోడల విషయంలో మరింత ఓపిక కావాలి. తడిసిన ఇటుక గోడ ఆరడానికి అంగుళం మందానికి సుమారు ఒక నెల పడుతుందన్నది ఒక మోటు లెక్క. మన ఎండలకు తొమ్మిది అంగుళాల గోడ అంతకన్నా త్వరగా ఆరవచ్చు. అయినా ఒక వేసవి గడవకముందే జిగురు పూతతో కప్పివేస్తే తడి బయటికి వెళ్ళే దారి మూసుకుపోతుంది. వెలుపలికి రాలేని తడి ఇంటి లోపలివైపుకు తిరుగుతుంది. పడకగది గోడ మీద బూజు మొలుస్తుంది. ఆ బూజు గాలి పీల్చే పసిపిల్లలకూ, ఆయాసమున్న పెద్దలకూ దగ్గు తగ్గదు. వీధివారికి అందమైన గోడ, ఇంట్లోవారికి అనారోగ్యం మిగులుతాయి. అందుకే మోరీని దూరం జరిపించండి. పొంగు గొట్టాన్ని సరిచేయండి. గోడ వెంబడి మట్టిని అరడుగైనా దించి, నీరు బయటికి జారేలా వాలు కట్టించండి. అలంకారం సంగతి ఆ తరువాత.

పూత వేసే విధానం

గోడ పొడిగా, గట్టిగా ఉన్నదని తేలిన తరువాతనే పని మొదలుపెట్టాలి. కొత్తగా సిమెంటు పూసిన గోడైతే తడిపి పదును పట్టించి, మొత్తం 28 రోజులైనా ఆరనివ్వాలి. పాత సున్నం, పెచ్చులూడే రంగు, మెత్తని లప్పం ఉంటే గీకివేయాలి. ఉప్పుపొడిని పొడి బ్రష్షుతోనే దులపాలి. నీటితో కడిగితే ఉప్పు కరిగి తిరిగి ఇటుకలోకే పోతుంది. తరువాత రాళ్ళ రంగుకు దగ్గరగా ఉండే రంగు ప్రైమరు వేయాలి. తెల్లని గోడ మీద ముదురు గింజలు పూస్తే సందుల్లోంచి తెలుపు కనబడుతుంది. ప్రైమరు పూర్తిగా ఆరాలి.

పట్టీ పై అంచు తిన్నగా రావడానికి నూలు కొట్టి, గీత గీసి, టేపు అంటించాలి. డబ్బాలోని మిశ్రమాన్ని అడుగునుంచి నిదానంగా కలపాలి. వేగంగా తిరిగే యంత్రంతో కలిపితే గింజలు నలుగుతాయి, నురగ పుడుతుంది. నీళ్ళు పోసి పలుచన చేయకూడదు. స్టీలు తాపీతో గింజ మందానికి కాస్త ఎక్కువగా పూసి, ఒకే దిశలో నునుపు చేయాలి. ఒక ముఖం మొదలుపెడితే మూలవరకు ఆగకుండా పూర్తిచేయాలి. మధ్యలో భోజనానికి ఆగితే ఆ అతుకు కలకాలం కనబడుతుంది. పూత తడిగా ఉండగానే టేపు తీసివేయాలి.

వాతావరణం విషయంలో మన ప్రాంతానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తగిలే గోడ మీద పూస్తే తాపీ కింద ఉండగానే మిశ్రమం పీచుగట్టుతుంది. వానాకాలంలో పూస్తే తెల్లదనం పోదు. ఒక్కోసారి పూత కరిగి కారుతుంది. పూసిన తరువాత రెండు మూడు రోజులు వాన తగలకుండా పరదా కట్టాలి.

ఒకే గోడకు కావలసిన డబ్బాలన్నీ ఒకేసారి కొనండి. ఒకసారి తయారైన రంగుకూ మరోసారి తయారైన రంగుకూ కొంత తేడా ఉంటుంది. డబ్బా మీది తయారీ సంఖ్యను ఇంటి లెక్కల పుస్తకంలో రాసి ఉంచండి. ఒకటి రెండు కిలోలు గట్టిగా మూతపెట్టి నీడలో దాచండి. అదే రేపటి మరమ్మతుకు ఆధారం.

మరమ్మతులో మెలకువ

చిన్న దెబ్బ తగిలి అరచేయంత మేర ఊడిపోయిందనుకుందాం. ఆ మేరకే అతుకు వేస్తే అది అతుకుగానే కనబడుతుంది. కంటికి సహజంగా తోచే హద్దు వరకు, అంటే మూల వరకు గాని, గాడి వరకు గాని, పట్టీ చివర వరకు గాని తీసి కొత్తగా వేయాలి. గాడులు లేని పొడవాటి పట్టీ అయితే చెడిన భాగం చుట్టూ చతురస్రంగా టేపు పెట్టి, ఆ మేరకు చెక్కి, వేరే రంగుతో ఒక దిమ్మెలా తీర్చిదిద్దవచ్చు. గేటు పక్కన, కుళాయి వెనుక ఇలా చేసిన మరమ్మతు మొదటినుంచీ అలాగే అనుకున్న అలంకారంలా ఇమిడిపోతుంది.

అదే చోట రెండవసారి కూడా పూత ఊడితే మూడవసారి పూయకండి. లోపం పూతలో లేదు, గోడలో ఉన్నది.

మట్టి గోడలూ డంగు సున్నపు గోడలూ

ఈ మూడు జిల్లాల పల్లెల్లో మట్టి గోడలు, రాయీ సున్నమూ కలిపి కట్టిన పాత ఇళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. మన పాత మస్జిదులు కొన్ని ఆ కోవలోనివే. ఇవి తడిని పీల్చుకొని మళ్ళీ వదిలే గోడలు. వీటి మీద సిమెంటు గాని, జిగురు మొజాయిక్ గాని పూస్తే ఆ శ్వాస ఆగిపోతుంది.

హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల అనుభవం దీనికి మంచి ఉదాహరణ. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వ శాఖతో కలిసి అక్కడ చేపట్టిన పరిరక్షణలో, 20వ శతాబ్దంలో మరమ్మతుల పేరిట పూసిన సిమెంటును తొలగించి మళ్ళీ సున్నపు పూత వేశారు. 1591లో నిర్మించిన చార్మినార్‌కు నేటికీ అందం తెస్తున్నది సున్నపు గచ్చుతో మలచిన లతలూ పూవులే. 2019 మే మొదట్లో ఒక మినారు నుంచి ఆ అలంకారంలో కొంత భాగం ఊడి కింద పడినప్పుడు నగరమంతా కలవరపడింది. నాలుగు శతాబ్దాలు నిలిచిన పనికి కూడా ఎప్పటికప్పుడు పరీక్ష, మరమ్మతు అవసరమని ఆ సంఘటన గుర్తుచేసింది. మీ ఇంటి గోడ సున్నపుదైతే సున్నంతోనే మరమ్మతు చేయించండి. అలంకారం కావాలంటే సున్నంలోనే రంగు కలిపి అడుగు పట్టీ తీర్చవచ్చు.

వెలుపలి గోడ ఎంత కఠినమైన పరీక్ష ఎదుర్కొంటుందో జెరూసలేములోని ఖుబ్బతుస్సఖ్రా చెబుతుంది. హిజ్రీ 72లో నిర్మితమైన ఆ కట్టడానికి లోపలా వెలుపలా మొజాయిక్ అలంకరణ ఉండేది. లోపలిది చాలావరకు నేటికీ నిలిచి ఉన్నది. ఎండావానలకు శిథిలమైన వెలుపలి మొజాయిక్ స్థానంలో 16వ శతాబ్దంలో ఉస్మానియా సుల్తాన్ సులైమాన్ కాలంలో రంగు పలకలు అమర్చారు. రాజులు చేయించిన పనికే ఆ గతి పట్టినప్పుడు మన పూత శాశ్వతమని అనుకోవడం భ్రమ.

అలంకారానికి హద్దు ఎక్కడ?

గోడలను అలంకరించడం ధర్మసమ్మతమేనా అన్న సందేహం కొందరికి కలుగుతుంది. అల్లాహ్ సౌందర్యవంతుడనీ సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉన్నది. అదే గ్రంథంలో మరో సంఘటన కూడా ఉన్నది. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) ఇంట్లో ఒక అలంకార వస్త్రాన్ని వేలాడదీశారు. ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన ప్రవక్త దానిని చూసి ఇష్టపడక లాగివేశారు. రాళ్ళకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదన్న భావం తెలిపారు. హజ్రత్ ఆయిషా ఆ వస్త్రాన్ని పారవేయలేదు. కత్తిరించి, ఖర్జూరపు నార నింపి, రెండు దిండ్లు చేశారు. ప్రవక్త దానిని ఆక్షేపించలేదు. గోడ మీద ఊరక వేలాడిన వస్త్రం ఇంటివారికి ఉపయోగపడే వస్తువయింది.

మస్జిదె నబవీ చరిత్రలోనూ ఈ సమతూకం కనబడుతుంది. ప్రవక్త కాలంలో పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మానుల స్తంభాలు, మట్టల కప్పు ఉండేవి. హజ్రత్ ఉమర్ (రజి) విస్తరించినప్పుడు అదే తీరు కొనసాగించారు. జనాన్ని వాన నుంచి కాపాడేలా కట్టమనీ, వారి మనసు చెదిరేలా ఎరుపు పసుపు రంగులు పూయవద్దనీ ఆయన హెచ్చరించినట్లు బుఖారీలో నమోదయింది. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో చెక్కిన రాళ్ళూ గచ్చూ టేకు కప్పూ వచ్చాయి. గట్టిదనం కోసం మేలైన సామగ్రి వాడటం తప్పు కాదని దీనివలన గ్రహించవచ్చు. ముందు వాన నుంచి రక్షణ, ఆ తరువాత అందం అన్నదే వరుస.

ఈ వరుస మన ఇళ్ళలో తలకిందులవుతున్నది. అమ్మాయి పెళ్ళి కుదిరిందనీ, వియ్యాలవారు వస్తున్నారనీ వడ్డీకి అప్పు తెచ్చి వీధిగోడకు మెరుగులు దిద్దించేవారు ఉన్నారు. వంటగది కప్పు మాత్రం కారుతూనే ఉంటుంది. గోడ మీది రంగు వెలిసిపోయినా వడ్డీ వెలిసిపోదు. ఆ భారాన్ని మోసేది ఆ ఇంటి ఇల్లాలే. చేతిలో ఉన్న డబ్బు చెమ్మను ఆపడానికి మాత్రమే సరిపోతే ఈ ఏడాది అంతటితో ఆగండి. శుభ్రంగా సున్నం వేసిన గోడ ఏ పెళ్ళివారికీ చిన్నతనం కాదు.

తడి ధాన్యపు రాశి

ఇక అన్నిటికన్నా బరువైన సంగతి. మొజాయిక్ పూత లోపాలను చక్కగా దాస్తుంది. ఈ గుణం వలననే ఇల్లు అమ్మేముందు, అద్దెకిచ్చేముందు దీనిని వేయించే అలవాటు పుట్టింది. ఉప్పు పొంగుతున్న అడుగుభాగం మీద రంగురంగుల గింజలు పరిస్తే నాలుగు నెలలు గోడ కొత్తగా కనబడుతుంది. కొన్నవాడు తన జీవితకాలపు పొదుపు ధారపోసి చేరిన తరువాత, తొలి వానాకాలంలోనే పూత ఉబ్బి ఊడుతుంది.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ఒక ధాన్యపు రాశిని చూశారు. పైన పొడిగా ఉన్న ఆ రాశిలోకి చేయి పెట్టగా లోపల వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన తగిలిందని వర్తకుడు జవాబిచ్చాడు. అలాగైతే కొనేవారు చూసేలా తడిసినదానిని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని ప్రకటించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఆ వర్తకుడు ధాన్యాన్ని తానే తడపలేదు. వాన తడిపింది. తడిసిన దానిని లోపలికి తోసి పొడిదానిని పైన పరచడమే అతని నేరం. చెమ్మ గోడ మీద అలంకారం పూసి అమ్మడం అచ్చంగా ఆ పనే.

అమ్మేవాడూ కొనేవాడూ నిజం పలికి, లోపాలు చెప్పుకుంటే వారి బేరంలో శుభం కలుగుతుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. కనుక ఇల్లు అమ్మదలచినవారు గోడకు చెమ్మ ఉన్నదన్న మాటను ధర మాట్లాడే రోజునే చెప్పాలి. వరద నీరు ఎంత ఎత్తువరకు వచ్చిందో చూపించాలి. అందువలన ధర కొంత తగ్గవచ్చు. తగ్గిన ఆ మొత్తం మనది కానే కాదు. అది కొన్నవాడు చేయించుకోవలసిన మరమ్మతు ఖర్చు. అద్దెకిచ్చేవారికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. పసిబిడ్డతో అద్దెకు దిగే దంపతులకు బూజు గది అప్పగించి, బయట మొజాయిక్ చూపించి అద్దె పెంచడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

సుతారి పట్ల, పొరుగువారి పట్ల

ఈ పని చేసే సుతారి మీద కూడా మన బాధ్యత ఉన్నది. చెమ్మ ఉన్నదని అతను చెప్పినప్పుడు, ఏం ఫర్వాలేదు పైన పూసెయ్యి అని ఒత్తిడి చేసి, ఊడిన తరువాత అతని కూలి పట్టుకోవడం అన్యాయం. కూలివాని చెమట ఆరకముందే వేతనమివ్వాలన్న హదీసు ఇబ్నె మాజాలో ఉన్నది. చిన్న పని కదా అని బేరమాడకుండా మొదలుపెట్టి సాయంత్రం తగ్గించి ఇచ్చే పద్ధతీ మంచిది కాదు. కొలిచి, మాట్లాడుకొని, రాసుకొని పని మొదలుపెట్టాలి. సుతారి సోదరులకు కూడా ఒక మనవి. తడి గోడ మీద పూత నిలవదని మీకు తెలిసినప్పుడు, పని పోతుందన్న భయంతో మౌనంగా ఉండకండి. మీ నోటి మాట ఆ ఇంటివారి పాలిట అమానతు.

పొరుగువారి హద్దు కూడా మరువరాదు. పట్టీ మందం పేరిట ఇరుకు సందులోకి జరగడం, మన గోడ నుంచి మళ్ళించిన నీటిని పక్కింటి పునాదిలోకి పంపడం కలహాలకు మూలం. పొరుగువాడు తన దూలపు కర్రను మన గోడలో ఆనించుకోదలిస్తే అడ్డుకోవద్దని ప్రవక్త బోధించారు. మన గోడ మీద అతనికి అంత హక్కు కల్పించిన ధర్మం, మన నీటితో అతని గోడను తడపడానికి ఒప్పుకుంటుందా?

ఈ వానాకాలం ముగిశాక ఒక సెలవు రోజున కుటుంబమంతా కలిసి ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. పిల్లలచేత గోడ తట్టించండి, డొల్లగా మోగిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. చెమ్మ పరీక్ష చేయండి. నీటి దారులు సరిచేసి, ఒక వేసవి ఆరనిచ్చి, తరువాతి నవంబరులో మీ స్తోమతకు తగినంత మేర, అప్పు లేకుండా, అడుగు పట్టీ వేయించుకోండి. అప్పుడు ఆ గింజలలోని ప్రతి రంగు మీకు కలాలు మెరుస్తుంది. ఎవరైనా వచ్చి లోపల ఎలా ఉన్నదని అడిగితే, తడబడకుండా జవాబు చెప్పగలుగుతారు. అల్లాహ్ మన ఇళ్ళను, మన లావాదేవీలను శుభప్రదం చేయుగాక. ఆమీన్.